డెబ్బై రెండో వంతు విమానం

వైద్యవృత్తి నుండి విరమించిన తరువాత, సైదాబాద్‌లోని మా ఇంటి వెనుక గదిలో ఒక బల్లను విమానాలకు కేటాయించుకున్నాను. ఇవి ఎగిరేవి కావు. అసలు విమానం కొలతలో 72వ వంతు ఉండేలా ప్లాస్టిక్ భాగాలను అతికించి, రంగులు వేసి తయారుచేసే నమూనాలు. ఈ లెక్కన ఆరడుగుల మనిషి ఒక్క అంగుళం ఎత్తు ఉంటాడు. నిజాం ప్రభుత్వ భాగస్వామ్యంతో ఏర్పడి, 1953లో ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో విలీనమైన దక్కన్ ఎయిర్‌వేస్ సంస్థ బేగంపేట నుండి డకోటా విమానాలను నడిపేది. ఆ డకోటా ఒక రెక్క కొస నుండి మరో రెక్క కొసకు సుమారు 29 మీటర్లు. నా బల్లపై అది 40 సెంటీమీటర్లు.

రెండేళ్ల క్రితం ఆ డకోటాకు వెంట్రుకంత యాంటెన్నా తీగను అమర్చుతుండగా, ఫోర్‌సెప్స్ కొస వణకడం గమనించాను. చేయి వణికితే చాలామందికి మొదట స్ఫురించేది పార్కిన్‌సన్స్ వ్యాధి. నాకూ అదే భయం కలిగింది. ఆ వ్యాధిలో వణుకు సాధారణంగా చేయి ఒడిలో విశ్రాంతిగా ఉన్నప్పుడు కనిపిస్తుంది. దానికి కదలికలు మందగించడం, కండరాలు బిగుసుకోవడం తోడవుతాయి. 'ఎసెన్షియల్ ట్రెమర్'లో ఇందుకు భిన్నంగా, గ్లాసు ఎత్తినప్పుడో సంతకం చేసినప్పుడో వణుకు బయటపడుతుంది. థైరాయిడ్ గ్రంథి అధికంగా పనిచేసినా, ఉబ్బసానికి వాడే కొన్ని మందుల వల్లా చేతులు వణకవచ్చు. వైద్యుడినైనా రోగనిర్ణయం నేనే చేసుకోకుండా నరాల వైద్య నిపుణుణ్ణి సంప్రదించాను. నాది ఎసెన్షియల్ ట్రెమర్ అని తేలింది.

అప్పటి నుండి చిన్న భాగాలను మా మనవడు అమరుస్తున్నాడు. పరిశీలన నా బాధ్యత అయింది. దీనికీ ఒక పద్ధతి ఉంది. 1960లలో బ్రిటన్‌లో మొదలై అనేక దేశాలకు విస్తరించిన ఐపీఎంఎస్ అనే నమూనాకారుల సంఘం పోటీల్లో ముందుగా పనితనపు మూలాంశాలనే చూస్తారు. రెక్కలు రెండూ ఒకే కోణంలో లేచాయా? చక్రాలన్నీ నేలను తాకుతున్నాయా? అతుకు గీత కనిపిస్తోందా? కిటికీ అద్దాలపై జిగురు మరక ఉందా? గుర్తుల పొర కింద గాలి చిక్కి వెండిలా మెరుస్తోందా? ఇవి తప్పితే పైపై అలంకారాలు ఆదుకోవు. వైద్య విద్యార్థులకు మేము నేర్పే తొలి పాఠమూ ఇటువంటిదే: చేయి వేయకముందు చూడు, కుడివైపును ఎడమవైపుతో పోల్చు. చేతి నైపుణ్యం తగ్గినా, నలభై ఏళ్లు సాధన చేసిన ఆ చూపు నాతోనే ఉంది.

మనవడి పనికి మార్కులు వేయడం తాతకు సులభం కాదు. అయినా రెక్క వాలితే వాలిందనే చెబుతాను. మొదట్లో ముఖం ముడుచుకునేవాడు. ఇప్పుడు "జిగురు ఆరకముందే ఒకసారి చూడు తాతయ్యా" అని వాడే పిలుస్తున్నాడు.

ఈ అభిరుచిని చేపట్టేవారికి కొన్ని జాగ్రత్తలు చెప్పాలి. ప్లాస్టిక్ నమూనాల జిగురు ఆ భాగాల అంచులను కరిగించి ఒకటిగా కలుపుతుంది. అందులోని ద్రావకాల ఆవిరి వల్ల తలనొప్పి, కళ్లు తిరగడం కలుగుతాయి. కనుక కిటికీలు తెరిచి పనిచేయండి. పిల్లలకు జిగురు, బ్లేడు ఇచ్చినప్పుడు పక్కనే ఉండండి. గరుకు కాగితాన్ని తడిపి రుద్దితే దుమ్ము లేవదు. మంచి దీపం, భూతద్దం వాడండి. మోచేతులను బల్లపై ఆనిస్తే చేయి కొంత నిలకడగా ఉంటుంది. ప్రతి ఇరవై నిమిషాలకు ఒకసారి తలెత్తి, కాసేపు దూరంగా చూడండి.

వయసుతో చేయి వణకడం మొదలవగానే కుట్టుపనిని, వీణను, ముగ్గును, చివరకు ఉత్తరం రాయడాన్ని కూడా సిగ్గుపడి మానేసినవారిని నా వృత్తిజీవితంలో ఎందరినో చూశాను. వణుకు కన్నా ఆ మానేయడమే వారిని ఎక్కువగా కుంగదీసింది. మిత్రులారా, వణుకు కనిపిస్తే ముందు కారణం తెలుసుకోండి. తరువాత, ఇష్టమైన ఆ పనిలో మీరు ఇంకా చేయగల వంతు ఏమిటో వెతుక్కోండి.