పక్షి చూపు

ద్రోణాచార్యుడు శిష్యులను పరీక్షింపదలచి చెట్టుకొమ్మపై నొక బొమ్మపక్షిని నిలిపెను. చెట్టును, కొమ్మను, తోడివారిని చూచినవా రోడిరి. పక్షి శిరస్సును మాత్రమే చూచిన యర్జునుడు గెలిచెను. వింటికి మారుగా కెమెరాను చేపట్టినవానికిని మొదటి పాఠ మిదియే. కాని కడపటి పాఠము వేరు.

సికిందరాబాదు కంటోన్మెంటులో కార్ఖానా యను పేట కలదు. కార్ఖానా యనగా కర్మశాల. వాహనముల రొద యెడతెగని యా పేటలో పక్షులకు చోటెక్కడ యని తోచవచ్చును. కాని వేపచెట్లును, చింతచెట్లును ఉన్నంతవరకు చిలుకలును, గోరువంకలును, పాలపిట్టలును మనుష్యుల పొరుగును విడువవు.

ఆ పేటలోని యువకు డొకడు పాలపిట్టను ఎదురుగా, సహజమైన నెలవులో, స్ఫుటముగా చిత్రింపవలెనని సంకల్పించెను. తొలి చిత్రములన్నియు చెడిపోయెను. ఒకదానిలో పక్షి తలవెనుక విద్యుత్తీగ. మరియొకదానిలో గోడపై ప్రకటన. వేరొకదానిలో ముక్కు స్పష్టము, కన్నులు మసక.

క్రమముగా నతనికి కారణములు బోధపడెను. ఎదురుగా నున్న పక్షి ముక్కుకొన కెమెరాకు దగ్గరగను, కన్నులు కొంచెము వెనుకగను ఉండును. దూరపువస్తువును దగ్గరగా చూపు కటకమునకు స్ఫుటముగా కనబడు లోతు మిక్కిలి స్వల్పము. కావున ఫోకసును కంటిపైననే నిలుపవలెను. కటకద్వారమును కొంత సన్నగిలజేసినచో ముక్కును స్పష్టమగును. కాని వెలుతురు తగ్గును. అందుచే సూర్యుని వీపువైపున నుంచుకొని ఉదయమున చిత్రించుట మేలు. పక్షికిని దాని వెనుకనున్న ఆకులకును ఎడమెక్కువైన కొలది ఆకులు మెత్తని పచ్చదనముగా మారును. రెండడుగులు ప్రక్కకు జరిగినంతనే తీగయు, గోడయు తొలగిపోవును. వీనిని నేర్చుటకు ధనము కంటె ఓర్పు ముఖ్యము.

ఒక వేసవి యుదయమున నతని ఓర్పు ఫలించెను. చెట్టుతొఱ్ఱ దాపున పాలపిట్ట వ్రాలెను. ముక్కున మిడుత యున్నది. వెనుక నిండు పచ్చదనము. పక్షి తల త్రిప్పి యతనివంకనే నిశ్చలముగా చూచెను. ఎన్ని దినములుగానో కోరిన చిత్రమది! వ్రేలు మీటపై నుంచెను. అంతలో నొక యాలోచన తట్టెను: ‘ఇది తొఱ్ఱలోనికి ఏల పోకున్నది?’

లోపల పిల్లల సన్నని యరపులు వినబడెను. పక్షి తన్ను చూచుచున్నది చిత్రమునకై కాదు, భయముచేత. తాను కదలనంతసేపు పిల్లల కాహారము లేదు. అతడు మీటను నొక్కక, మెల్లగా వెనుకకు వెనుకకు జరిగి, చాటునకు తొలగిపోయెను. మరుక్షణమే పక్షి తొఱ్ఱలో దూరెను. చిత్రము దక్కలేదు, పిల్లల కాహారము దక్కెను.

పక్షిశాస్త్రజ్ఞుడు సాలిం అలీ 1931-32 సంవత్సరములలో హైదరాబాదు సంస్థానమందలి పక్షులను పరిశీలించెను. పక్షులను తుపాకితో కొట్టి సేకరించుట నాటి శాస్త్రపద్ధతి. నేడు కెమెరా వచ్చి, ప్రాణము తీయకయే పక్షిని గుర్తించు వీలు కలిగించెను. అయినను కెమెరా చేతనున్నంతమాత్రమున హింస తొలగదు. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని మనవారి నమ్మకము. దానిని ఆసరాగా గొని కొందరు ఆ పక్షులను పట్టి, బంధించి, ధనమునకు చూపుదురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము దీనిని నిషేధించినది. తెలంగాణ రాష్ట్రపక్షియైన పాలపిట్టకే యిట్టి దుస్థితి కలుగుట శోచనీయము. చూడవలెనను కోరిక చూడబడుదానికి చెరసాల కారాదు గదా!

అర్జునునకు పక్షి శిరస్సు తప్ప మరేమియు కానరాలేదు. అది బొమ్మపక్షి కావున చెల్లినది. ప్రాణమున్న పక్షిని చూచువాడు కంటిపై గురి నిలిపియు, కొమ్మను, తొఱ్ఱను, అందలి పిల్లలను గూడ చూడవలెను. అట్లు చూచినవాడే నిజముగా గురి తప్పనివాడు.