ఎండబెట్టిన ముస్తఫా

ముందుగా ఒక నేరాంగీకారం. బహుశా ఒకే ఒక్క ప్రతిగా మిగిలిన ఒక రచనను నేను చేజేతులా పాడుచేశాను. తగలబెట్టలేదు. నీళ్ళలో ముంచిన మాట నిజమే కానీ, దానివల్ల పోలేదు. మా తెనాలి ఇంటి మేడ మీద, గుమ్మడి వడియాల పక్కన ఎండబెట్టాను.

తొంభైల్లో మన చిన్న ఊళ్ళలో పెరిగినవారికి వీడియోగేమ్ పార్లరు ఎలా ఉండేదో చెప్పనక్కరలేదు. బస్టాండు వెనక సందులో ఒక చీకటిగది, నాలుగైదు చెక్కపెట్టెలు, రూపాయి బిళ్ళలతో బరువెక్కిన ఒక గల్లాడబ్బా. అక్కడ అందరికీ ఇష్టమైన ఆటను మేము 'ముస్తఫా' అనేవాళ్ళం. దాని అసలు పేరు 'కాడిలాక్స్ అండ్ డైనోసార్స్' అనీ, జపాను కంపెనీ కాప్‌కామ్ దాన్ని 1993లో విడుదల చేసిందనీ, మార్క్ షుల్ట్జ్ అనే అమెరికన్ గీసిన కామిక్సు దానికి మూలమనీ నాకు పాతికేళ్ళు దాటాకే తెలిసింది. అందులో నలుగురు వీరులు. పసుపుపచ్చ టోపీ పెట్టుకొని ఎగిరి తన్నే ముస్తఫా కైరో వారిలో ఒకడు మాత్రమే. అయినా దేశమంతటా పిల్లలు ఆట మొత్తానికి అతని పేరే పెట్టుకున్నారు. నామకరణం చేసే హక్కు ఆడేవాడిదే కాబోలు.

ఎక్కువ పాయింట్లు వచ్చినవాడు చివర్లో మూడు అక్షరాలు చెక్కుకోవచ్చు. పొద్దున ఎంతో దర్జాగా చెక్కుకొనేవాళ్ళం. రాత్రి బాబాయి (పార్లరు యజమానిని అందరం అలాగే పిలిచేవాళ్ళం) మీట కట్టేసేవాడు. మర్నాటికి మా పేర్లు ఉండేవి కావు. ఆ బోర్డుకు మమ్మల్ని గుర్తుపెట్టుకొనే చోటే లేదని అప్పుడు తెలియక, రాత్రిపూట ఎవరో వచ్చి చెరిపేస్తున్నారని అనుమానించేవాళ్ళం.

పెద్దయ్యాక హైదరాబాదులో ఉద్యోగంలో స్థిరపడి, ఉన్న వ్యసనాలు చాలనట్టు పాత ఆటబోర్డులు బాగుచేసే వ్యసనం ఒకటి తగిలించుకున్నాను. కోఠీ గుజరాతీ గల్లీలో దుకాణాల వెంట తిరుగుతూ చిప్పులు ఏరుకోవడం, సెలవురోజున టంకం పొగ పీల్చడం, ఇంట్లో చీవాట్లు తినడం ఇందులో భాగాలు. పని మాత్రం వైద్యంలాంటిది. ముందు కంటితో చూడాలి: తుప్పు, తెగిన రాగిగీతలు, విరిగిన కాళ్ళు. తరవాత 5 వోల్టుల విద్యుత్తు చివరి చిప్పు దాకా సరిగా అందుతోందో లేదో కొలవాలి. ఆపైన లాజిక్ ప్రోబు అనే కలంలాంటి పరికరంతో చిప్పుల కాళ్ళను ఒక్కొక్కటిగా తాకుతూ పోవాలి. ఎరుపు వెలిగితే ఒకటి, ఆకుపచ్చ వెలిగితే సున్నా, రెండూ మిణుకుమిణుకుమంటే నాడి ఆడుతున్నట్టు. ఏదీ వెలగకపోతే ఆ కాలు చచ్చుబడినట్టే. జపానులో ఆట యంత్రాల తయారీదారుల సంఘం 1985లో అంచుకు ఇరువైపులా 28 చొప్పున 56 పిన్నులుండే ఒక అమరికను ప్రమాణంగా పెట్టింది. ఆ సంఘం పేరుమీదే దాన్ని జామా అంటారు. అది పాటించిన ఏ బోర్డునైనా ఒకే తీగలకట్టతో పరీక్షించవచ్చు. నాబోటివాడి పాలిట వరం.

2019 వేసవిలో తెనాలి వెళ్ళినప్పుడు బాబాయిని పలకరించాను. పార్లరు పోయి, ఇంటర్నెట్ సెంటరై, అదీ పోయి ఇప్పుడు టిఫిను కొట్టు. "ఏదో అట్ట ఒకటి అటక మీద ఉండాలిరా అబ్బాయ్, పనికొస్తే పట్టుకుపో" అన్నాడు. పాత చీర ముక్కలో చుట్టిన బోర్డు. దుమ్ము, బొద్దింకల మమ్మీలు, రెండు బల్లిగుడ్లు. అదే ముస్తఫా.

నా సరంజామా కారులోనే ఉంది. ఆ సాయంత్రమే టీవీకి కలిపి మీట నొక్కాను. తెర నిండా నిలువు చారలు. ఆ చారల చాటున ఆట మొదలైంది! మొదట ఏదో అక్షరాల వరుస ఒకటి వచ్చి, చదివేలోపే మాయమైంది. 'తరవాత చూద్దాంలే' అనుకొని కట్టేశాను. ఆ 'తరవాత' ఇంకా రాలేదు.

బోర్డును సబ్బునీళ్ళతో కడగడం ఈ విద్యలో తప్పు కాదు. అందరం చేసేదే. మెత్తని బ్రష్షుతో రుద్ది, కడిగి, మేడ మీద ఆరబెట్టాను. మర్నాడు హైదరాబాదు వెళ్ళాల్సొచ్చి, "కాస్త ఆరాక లోపల పెట్టమ్మా" అని అమ్మకు చెప్పి బయలుదేరాను. పదిరోజుల తరవాత వస్తే బోర్డు తళతళలాడుతోంది. అయితే మీట నొక్కితే నల్లని తెర. అంతే.

కడిగినప్పుడు ఎక్కడో తడి చేరి చెడిందని నా నిర్ధారణ. రెండు నెలల సెలవురోజులు దానికే అర్పించాను. విద్యుత్తు బాగానే ఉంది. గడియారపు స్పందన ఉంది. 68000 ప్రాసెసరు మాత్రం లేస్తుంది, పడుతుంది, మళ్ళీ లేస్తుంది. ప్రోగ్రాము సకాలంలో పలకకపోతే బోర్డును మళ్ళీ మొదటికి తెచ్చే కాపలా సర్క్యూటు ఒకటి ఉంటుంది. అది దాన్ని క్షణక్షణం తట్టి లేపుతోంది. చారలకు కారణమైన చిప్పును పట్టుకొని మార్చాను. మరో రెండు నిర్దోషి చిప్పులను అనుమానంతో ఊడబెరికాను. చివరికి ఎందుకో ప్రోగ్రామున్న చిప్పును చేతిలోకి తీసుకున్నాను. నడినెత్తిన చిన్న గాజుకిటికీ. ఆ కిటికీ మీద ఉండవలసిన కాగితం లేదు.

ఈప్రామ్ అనే ఈ చిప్పుల్లో ప్రతి అక్షరమూ చుట్టూ గోడకట్టిన గదిలో బంధించిన కాస్త విద్యుదావేశం. చెరిపి మళ్ళీ రాయాలంటే కిటికీలోంచి అతినీలలోహిత కాంతి చూపించాలి. చెరిపే పెట్టెలోని దీపం కింద ఇరవై నిమిషాలు చాలు. ఎండలోనూ ఆ పని నెమ్మదిగా జరుగుతుంది. నేరుగా ఎండ తగిలితే వారం రోజుల్లో చెరిగిపోవచ్చని తయారీదారుల పత్రాల్లోనే ఉంటుంది. అందుకే కిటికీకి కాగితం అంటిస్తారు. నా సబ్బునీళ్ళకు ఆ కాగితాలు ఊడిపోయాయి. ఇక మిగిలింది మే నెల తెనాలి ఎండ.

అమ్మను అడిగాను. "లోపల పెట్టమన్నావు, రోజూ సాయంత్రం పెట్టాను. పొద్దున్నే మళ్ళీ ఎండలో వేశాను. బాగా ఎండితే పురుగు పట్టదు కదరా నాన్నా. ఏం, పాడైందా?" అంది. "లేదమ్మా, బాగానే ఉంది" అన్నాను. ఆవిడకు ఈనాటికీ తెలియదు.

నాలుగు ప్రోగ్రాము చిప్పులనూ చదివించి చూశాను. చెరిగిన ఈప్రామ్‌లో అన్నీ ఒకట్లే ఉంటాయి. కంప్యూటరు తెర మీద అవి ఎఫ్‌ఎఫ్ ఎఫ్‌ఎఫ్ ఎఫ్‌ఎఫ్ అని కనిపిస్తాయి. మూడింటిలో మొదటినుంచి చివరిదాకా అంతే. నాలుగోదానిలో అక్కడక్కడా ఏవో శిథిలాలు. అవీ చదివిన ప్రతిసారీ ఒక్కోలా. వోల్టేజి కాస్త తగ్గించీ పెంచీ నలభైసార్లు చదివించాను. నలభై పాఠాలు వచ్చాయి.

ఆట పోలేదు కదా అంటారు. నిజమే. ఇటలీకి చెందిన నికోలా సాల్మోరియా 1997లో మొదలుపెట్టిన మేమ్ ప్రాజెక్టు పుణ్యమా అని, వేల ఆటల ప్రోగ్రాములను ఔత్సాహికులు చదివి భద్రపరిచారు. ముస్తఫా కూడా అందులో ఉంది. కానీ అది కాప్‌కామ్ వారి ముస్తఫా. మాది నకిలీ బోర్డు. మన పార్లర్లలో ఆడినవి చాలావరకు నకిలీలే. ఇందులో ఒక విచిత్రముంది. అసలు బోర్డులో, శబ్దాన్ని నడిపే ప్రాసెసరుకు కావలసిన రహస్యసంఖ్యలు ఒక బ్యాటరీ ఆధారంగా నిలుస్తాయి. బ్యాటరీ అయిపోతే ఆ సంఖ్యలు ఎగిరిపోయి బోర్డు మూగబోతుంది. ఔత్సాహికులు దాన్ని ఆత్మహత్యా బ్యాటరీ అంటారు. నకిలీ చేసినవాళ్ళు ఆ తాళాన్ని ముందే తీసేశారు గనుక వాళ్ళ బోర్డులకు ఆ గండం లేదు.

పైగా నకలు తీసినవాడు ఊరికే ఉండడు. 1992 నాటి 'స్ట్రీట్ ఫైటర్ 2 చాంపియన్ ఎడిషన్'కు రెయిన్‌బో అనే నకిలీ వచ్చింది. గాలిలో ఎగురుతూనే నిప్పుబంతులు విసరడం, పోట్లాట మధ్యలో మనిషినే మార్చేయడం అందులో సాధ్యం. ఆ వేగం చూశాకే కాప్‌కామ్ తన ఆట వేగమూ పెంచిందని, అక్కడ పనిచేసినవారే చెప్పారు. ఇవన్నీ లేఖకుల పాఠాంతరాలు. బ్రౌనుదొర కడపలో పండితులకు జీతాలిచ్చి, తాళపత్ర ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి పోల్పించి శుద్ధప్రతులు రాయించాడని మనం గర్వంగా చెప్పుకుంటాం. ఆ పండితులు ఆకులను ముందు చదివారు, నకలు రాశారు. నేను ముందు కడిగాను. ఆకు శుభ్రపడింది, అక్షరం పోయింది.

మేమ్ సంగ్రహంలో మా బోర్డు అమరికకు దగ్గరగా ఉన్న మరో నకిలీ ప్రతి దొరికితే దాన్ని కొత్త చిప్పుల్లోకి ఎక్కించాను. బొమ్మలున్న చిప్పులకు కిటికీలు లేవు గనుక అవి బతికే ఉన్నాయి. ఆట లేచింది. దసరాకు తెనాలి పట్టుకెళ్ళి బాబాయికి చూపించాను. మోకాళ్ళనొప్పులతో కుర్చీలో కూర్చొని, ముస్తఫాను ఎంచుకొని, రెండు దశలు నాకంటే బాగా ఆడాడు. అయ్యాక అడిగాడు: "మొదట్లో ఏదో ఒక వరస రాత వచ్చేది కదరా, అది రాలేదేం?"

"ఏముండేది బాబాయ్ అందులో?"

"నాకేం తెలుసురా. ఇంగ్లీషాయె. నువ్వు చదువుకున్నవాడివి కదా, నువ్వు చూడలేదూ?"

చూశాను. చారల చాటున, రెండు మూడు క్షణాలు. చేసినవాడి పేరో, ఊరో, ఎవరికైనా సందేశమో. రోజూ మా పేర్లు చెరిగిపోయిన తెర మీద, ఇన్నేళ్ళూ చెరగకుండా నిలిచిన రాత అదొక్కటే. దాన్ని చెరిపింది నేను.

ఆ నలభై పాఠాలనూ దాచి ఉంచాను. ఎప్పుడైనా అలాంటి బోర్డే మరొకటి బయటపడితే పోల్చి చూడవచ్చు. మీ ఇళ్ళ అటకల మీద, మీ ఊరి పాత పార్లరువారి గోతాల్లో ఇలాంటి అట్ట కనిపిస్తే దయచేసి కడగకండి, ఎండబెట్టకండి. గాజుకిటికీ ఉన్న ప్రతి చిప్పుకూ ముందు నల్ల టేపు ముక్క అంటించండి. తరవాత నాకొక మాట చెప్పండి. మొదట చదువుతాను. ఒట్టు.