కాకి తాత

జనగామలో మా ఇంటి పిట్టగోడపై ప్రతి ఉదయం కాకి వాలేది. దాని మెడ బూడిద రంగులో ఉండేది. అప్పుడప్పుడు అంతకంటె పెద్దది, ముక్కు మొదలు తోక వరకు నిగనిగలాడే నల్లనిది మరొకటి వచ్చేది. "ఇది దాని తాత బిడ్డా!" అనేవాడు మా బాపు. ఆ మాటను నేను చాలాకాలం నమ్మాను.

2016లో వేరు జిల్లా కేంద్రాలు కాకముందు జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి వరంగల్లు జిల్లాలోనివే. ఉపాధ్యాయుడినై మహబూబాబాదుకు వెళ్లిన తరువాతగాని నా భ్రమ తొలగలేదు. బడి ఆవరణలోని చింతచెట్టుపై పెద్దకాకి గూడు కట్టింది. ఈకలు వచ్చి కొమ్మపైకి చేరిన పిల్లల మెడలు కూడ నల్లగానే ఉన్నాయి. పసిపిల్లకు వృద్ధాప్యమెక్కడిది? అది వేరే జాతి. బొంతకాకి.

పరిశీలించినకొద్దీ భేదాలు తెలిశాయి. ఊరకాకి పొడవు సుమారు 40 సెంటీమీటర్లు. బొంతకాకి అంతకంటె పెద్దది, దాని ముక్కు బలమైనది, పైభాగం వంపు తిరిగి ఉంటుంది, గొంతు బొంగురు. ఊరకాకికి 1817లో వియెయో అనే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు 'ప్రకాశించేది' అనే అర్థం గల లాటిన్ పేరు పెట్టాడు. ఆ పేరు బొంతకాకికే తగునని నా అభిప్రాయం! ఊరకాకి మనిషిని విడిచి ఉండలేదు. ఓడలెక్కి తూర్పు ఆఫ్రికా తీరాలకు సైతం చేరింది. బొంతకాకి ఊరిలోను, అడవిలోను బ్రతుకుతుంది. పూర్వం వేటగాళ్లు పులి చంపిన పశువు జాడను ఈ కాకుల సందడినిబట్టి పసిగట్టేవారట.

ఈ సంగతులన్నీ బాపుకు చెప్పాను. "నీ చదువు నీది, నా తాత నాకుండనీ" అని నవ్వాడు.

నాకు భూపాలపల్లికి బదిలీ అయినప్పుడు బాపు నాతోనే వచ్చాడు. అక్కడే కన్నుమూశాడు. మూడవనాడు అడవి అంచున, వాగు ఒడ్డున పిట్టకు పెట్టాము. విస్తరిలో ఆయనకిష్టమైన పచ్చిపులుసు కూడ ఉంది. ఎండ ముదిరినా ఊరకాకి జాడ లేదు. మద్దిచెట్టుపై ఒక బొంతకాకి మాత్రం మమ్ములనే చూస్తున్నది. "అది అడవికాకి. ఊరి పిట్ట రావాలె" అన్నాడు మా పెద్దనాయన. బంధువులు తలలూపారు. అమ్మ ముఖం వాడిపోయింది.

నేను అందరినీ వెనుకకు జరగమన్నాను. బొంతకాకి దిగి, విస్తరి చుట్టూ ఒకసారి నడిచి, మెతుకులు ముక్కున కరచుకొని ఎగిరిపోయింది. పెద్దనాయన ఏమంటాడోనని అమ్మ ఆయన వైపు చూసింది. ఆయన నా వైపు చూశాడు.

"దాని తాత" అన్నాను.