సెకనులో ముప్పయ్యో వంతు

చెట్టు నుండి పండు రాలడాన్ని మానవుడు అనాదిగా చూస్తూనే ఉన్నాడు. కాని అది ఎలా రాలుతున్నదో చూడలేకపోయాడు. తొడిమ వీడిందని గ్రహించేలోగానే పండు నేలమీద ఉంటుంది. ఆ నడుమ జరిగినదేదీ కంటికి అందదు. చలనాన్ని గురించిన శాస్త్రమంతా ఒక విధంగా ఈ నడిమి కాలాన్ని చేజిక్కించుకోవడానికి మనిషి చేసిన తపస్సే.

ఇటలీ దేశీయుడైన గెలీలియో ఈ చిక్కును ఒక ఉపాయంతో విడదీశాడు. నిట్టనిలువుగా పడే వస్తువును కొలవడం సాధ్యం కాదు కనుక, దానిని వాలుబల్లమీద దొర్లించి పతనాన్ని మందగింపజేశాడు. నున్నని గాడిలో కంచుగుండును విడిచిపెట్టాడు. సెకన్లను నిక్కచ్చిగా చూపే గడియారం ఆనాడు లేదు. పెద్ద పాత్ర అడుగున అమర్చిన సన్నని గొట్టం నుండి జారిన నీటిని పట్టి, తక్కెడలో తూచి, ఆ బరువుతో కాలాన్ని లెక్కించాడు. నిశ్చలస్థితి నుండి కదిలిన వస్తువు సమాన కాలాంతరాలలో గడిచే దూరాలు 1, 3, 5, 7 అనే బేసి సంఖ్యల వరుసలో పెరుగుతాయని లోకానికి చాటాడు. ఆ విషయాలను వివరించిన గ్రంథం 1638లో లైడెన్ నగరంలో అచ్చయ్యేనాటికి ఆయన చూపు పూర్తిగా పోయింది. చలనాన్ని లోకానికి చూపినవాడు తన పుస్తకాన్ని తాను చూసుకోలేకపోయాడు.

కంటికి అందనిదాన్ని అందించే సాధనం ఆ తరువాత రెండు శతాబ్దాలకు గాని రాలేదు. పరుగెత్తే గుర్రం నాలుగు కాళ్లూ ఒక్కసారిగా నేలను వీడతాయా అన్నది చాలాకాలం వాదంగానే మిగిలింది. 1878లో అమెరికాలోని కాలిఫోర్నియాలో మైబ్రిడ్జ్ అనే ఛాయాగ్రాహకుడు పరుగుబాట పొడవునా పన్నెండు కెమెరాలను నిలిపి ఆ గమనాన్ని ముక్కలుగా పట్టుకున్నాడు. నాలుగు కాళ్లూ గాలిలో ఉండే క్షణం నిజంగానే ఉన్నది. అయితే చిత్రకారులు తరతరాలుగా గీసినట్లు కాళ్లు ముందుకూ వెనుకకూ చాచి ఉన్నప్పుడు కాదు, పొట్టకిందికి ముడుచుకున్నప్పుడు. ఎందరో కళ్లారా చూసి గీసిన చిత్రాలు పొరపాటని ఒక యంత్రం తేల్చింది.

ఆనాడు ఎంతో ధనమూ, ఎన్నో కెమెరాలూ కోరిన పని నేడు విద్యార్థి జేబులోని ఫోనుతో నెరవేరుతున్నది. సాధారణ వీడియో సెకనుకు ముప్పయి చిత్రాల చొప్పున తీస్తుంది. మీటరుంబావు ఎత్తు నుండి పడే బంతి నేలను చేరడానికి పట్టే కాలం అర సెకను. ఆ అర సెకనులో పదిహేను నిశ్చల చిత్రాలు దొరుకుతాయి. వాటిని విశ్లేషించడానికి ‘ట్రాకర్’ వంటి ఉచిత సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. కాలిఫోర్నియాలోని ఒక కళాశాలలో భౌతికశాస్త్రం బోధించిన డగ్లస్ బ్రౌన్ దీనిని రూపొందించాడు. వీడియోను అందులో తెరచి, తెలిసిన పొడవు గల ఒక కొలబద్దను చూపి, నిరూపకాక్షాలను అమర్చి, ఒక్కొక్క చిత్రంలో బంతి ఉన్నచోట చుక్క పెట్టుకుంటూ పోవాలి. ఆ చుక్కల నుండి పట్టికా, రేఖాపటమూ వాటంతట అవే ఏర్పడతాయి.

ఒక జూనియర్ కళాశాల ప్రయోగశాలలో మొదటి సంవత్సరం విద్యార్థిని ఒకతె ఈ పని చేసింది. బంతిని విడిచిన తరువాత మొదటి ముప్పయ్యో వంతు సెకనులో అది దిగిన దూరం సుమారు అర సెంటీమీటరు. ఆ తరువాతి అంతరాలలో దూరాలు అంతకంతకూ పెరిగాయి. అర అనుకున్నదానికి ఇంచుమించు మూడు రెట్లు, ఐదు రెట్లు, ఏడు రెట్లు! గెలీలియో బేసి సంఖ్యలు కంప్యూటరు తెరమీద వరుసగా నిలిచాయి. ఆమె కన్నులు మెరిశాయి.

కాని గురుత్వ త్వరణం విలువ రాబట్టేసరికి ఆ మెరుపు మాయమైంది. సెకను వర్గానికి 9.8 మీటర్లు రావలసినచోట 10.4 వచ్చింది. పక్కనున్న స్నేహితురాలు మెల్లగా, “నాలుగు చుక్కలు అటూ ఇటూ జరపవే, సరిపోతుంది” అన్నది. రికార్డు పుస్తకంలో మార్కులు కావాలంటే అదే దగ్గరిదారి. ఎన్నో రికార్డు పుస్తకాలలో 9.8 అనే అంకె ఆ దారినే వచ్చి చేరింది. ఆమె చేయి మౌస్ మీదికి వెళ్లి ఆగిపోయింది.

ఆ మాట విన్న అధ్యాపకుడు కోపగించుకోలేదు. “చుక్కలు జరపకమ్మా. బంతి తప్పుగా పడదు. మనం ఎక్కడ పొరబడ్డామో వెతుకు” అన్నాడు.

ఆమె లేచి బంతి పడిన చోటికి వెళ్లింది. మీటరు బద్ద గోడకు ఆనించి ఉన్నది. బంతి పడినది గోడకు 18 సెంటీమీటర్లు ఇవతల. ఫోను బంతికి మూడు మీటర్ల దూరంలో ఉన్నది. దూరపు వస్తువు చిన్నదిగా కనిపిస్తుందన్నది పసివానికైనా తెలిసిన సంగతే. వెనుకనున్న బద్ద చిన్నదై కనిపించింది. సాఫ్ట్‌వేరు ఆ చిన్న పొడవునే మీటరుగా నమ్మి, బంతి దిగిన ప్రతి దూరాన్నీ నూటికి ఆరు వంతులు పెంచి చెప్పింది. 10.4 లో దాగిన దోషం సరిగ్గా అంతే.

బద్దను బంతి పడే తలంలోనే నిలిపి ఆమె మళ్లీ వీడియో తీసింది. ఈసారి 9.7 వచ్చింది. “ఇంకొక్క పదోవంతే కదా, 9.8 అని వేసెయ్యి” అన్నది స్నేహితురాలు. ఆమె నవ్వి, 9.7 అనే రాసింది. అంతకు ముందు వచ్చిన 10.4 ను కూడా కొట్టివేయక, దానిపక్కన కారణం రాసిపెట్టింది.

గెలీలియో చేతిలో ఉన్నవి నీటిబొట్లు. ఈ తరం చేతిలో ఉన్నవి క్షణానికి ముప్పయి చిత్రాలు. సాధనం మారింది. సాధకునికి కావలసిన గుణం మాత్రం మారలేదు. కెమెరా తాను చూసినదే చెబుతుంది. సాఫ్ట్‌వేరు తనకు చూపినదే లెక్కిస్తుంది. చూపినది సరియైనదా కాదా అని ప్రశ్నించుకోవలసినది మనిషే. పుస్తకంలోని అంకెకు తన కొలతను లొంగదీసేవాడు పరీక్షలో నెగ్గవచ్చు. తన కొలతలోని తప్పును తానే వెతికి పట్టుకున్నవాడు సత్యానికి చేరువవుతాడు. ఆ మధ్యాహ్నం ప్రయోగశాలలో నేల మీద పడినది చిన్న రబ్బరు బంతే. అయినా ఒక విద్యార్థిని మనస్సులో శాస్త్రం పాదూనుకొన్నది ఆ క్షణంలోనే.