చుట్టే వేళ్లు, కత్తిరించే కళ్లు

మెదక్ వచ్చినవాళ్లు 1924లో ప్రారంభమైన చర్చినీ, గుట్టమీది ఖిల్లానూ చూసి వెళ్తారు. నేను వెళ్లింది మాత్రం బీడీలు చుట్టే ఒక ఇంటికి.

అత్తాకోడళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. కోడలి పక్కన తడిబట్టలో చుట్టిన తునికాకు, కత్తెర, కొలతకు రేకుముక్క. అత్త ఒళ్లో తంబాకు చాట. ఆమె చూపంతా టీవీ సీరియల్ మీదే. వేళ్లేమో తంబాకు పరిచి, చుట్టి, మూతి మడిచి, దారం కట్టి ఇంకో ఆకు అందుకుంటున్నాయి. కోడలు తలెత్తడం లేదు.

"నువ్వు సీరియల్ చూడవా అమ్మా?"

"చెవుల వడ్తది సార్. ఆకు కత్తిరిచ్చేటప్పుడు కండ్లు ఆకు మీదనే ఉండాలె. చుట్టుడు చేతులకే ఎరుక."

ప్రతి ఆకూ వేరు. ఒకదానికి చిల్లి, ఒకదానికి లావు ఈనె. ముందే తెలియని చోటే చేతికి చూపు కావాలి. కాస్త పరీక్షగా చూశాను: కత్తెర చివరి అంచు మీద ఉండగానే ఆమె చూపు తర్వాతి ఆకు మీదికి దూకేస్తోంది. బ్రిటన్‌లో మైకేల్ లాండ్ బృందం టీ కాచేవాళ్ల చూపును కెమెరాతో వెంబడించి 1999లో తేల్చింది ఇదే: చెయ్యి కదలడానికి సుమారు అర సెకను ముందే చూపు వస్తువును చేరుతుంది, పని పూర్తికాకముందే తర్వాతి దాని మీదికి పోతుంది.

చూపు మెదడులో రెండు దారులు పడుతుందని శాస్త్రవేత్తలు గుడేల్, మిల్నర్ 1992లో ప్రతిపాదించారు. వస్తువును గుర్తుపట్టే దారి కణతల వైపు, చేతిని నడిపే దారి నడినెత్తి వైపు. కార్బన్ మోనాక్సైడ్ విషవాయువుకు మెదడు దెబ్బతిన్న ఒకావిడను వాళ్లు పరీక్షించారు. ఆమె ఎదుటి సందు ఏ వాలున ఉందో చెప్పలేకపోయేది. కార్డు చేతికిస్తే మాత్రం ఆ సందులో సరిగ్గా దూర్చేది!

చుట్టేటప్పుడు మాత్రం చేతికి ఆ చూపూ అక్కర్లేదు. బీడీ బిగువు సంగతి కంటికంటే వేలికొసకే బాగా తెలుస్తుంది. అలవాటైన చేతికి ఆ స్పర్శ చాలు. అలాగని ఈ నైపుణ్యాన్ని పొగిడి ఊరుకోలేను. వెయ్యి బీడీల లెక్కన కూలి, రోజంతా తంబాకు దుమ్ము.

అత్తకు కళ్లలో పొర వచ్చింది. కత్తెర కోడలికి అప్పజెప్పింది కానీ చాట వదల్లేదు. ఇంతలో కరెంటు పోయింది. కోడలు ఆకులెత్తుకుని వెలుతురు కోసం గడప దగ్గరికి జరిగింది. అత్త కదల్లేదు.

"కరెంటు వోతే నాకేంది బిడ్డా, సీరియలే ఆగింది."