పోయిన టికెట్టూ, పోని హక్కూ

శుక్రవారం సాయంత్రం బెంగుళూరులో రైలెక్కి ధర్మవరంలో దిగడం నాకు ఏళ్ళ తరబడి అలవాటు. హిందూపురం దాటాక పెనుకొండ వస్తుంది. అక్కడికి రాగానే ఫోన్ పక్కన పెట్టేస్తాను. 2012 మే 22 తెల్లవారుజామున హుబ్లీ నుంచి బెంగుళూరు వెళ్తున్న హంపి ఎక్స్‌ప్రెస్ ఆ స్టేషన్లో ఆగి ఉన్న గూడ్సుని గుద్దింది. ఇంజిన్ వెనకున్న బోగీ తగలబడింది. పాతిక మంది దాకా పోయారు.

అప్పుడు టీవీల్లో ఎక్స్‌గ్రేషియా గురించే చెప్పారు. అది ప్రభుత్వం దయతో ఇచ్చేది. చట్టప్రకారం రావాల్సిన పరిహారం వేరు. దాన్ని మనమే రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్‌లో అడగాలి. ఈ తేడా నాకూ చాన్నాళ్ళు తెలీదు.

ఎలా తెలిసిందంటే, మా వీధిలో మగ్గం నేసే ఒకాయన కొడుకు బెంగుళూరికి పనికి వెళ్తూ కిక్కిరిసిన జనరల్ బోగీలోంచి జారిపడి చనిపోయాడు. పలకరించడానికి వెళ్తే, "టికెట్ లేకుంటే రూపాయి గూడా రాదంట నాయనా. అది వాని జోబీలోనే పాయె" అన్నాడు. ఎవరో ప్లీడరు గుమస్తా చెప్పాడట. అప్పటికి పది నెలలైంది. గడువు ఏడాదే!

ఆ రాత్రి కూర్చుని చదివాను. రైల్వే చట్టం 124ఎ ప్రకారం నడిచే రైల్లోంచి పడిపోయినా పరిహారం ఉంది. తప్పెవరిదన్నది అడగరు. ఆత్మహత్య, తాగిన మత్తు లాంటివి మాత్రం మినహాయింపు. శవం దగ్గర టికెట్ దొరకనంత మాత్రాన క్లెయిమ్ కొట్టేయకూడదని 2018లో రీనాదేవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వాస్తవాలతో అఫిడవిట్ ఇస్తే, కాదని చూపించాల్సిన భారం రైల్వేదే.

ఇంకో మాట. రోడ్డు ప్రమాదమైతే మన పేస్లిప్పు, వయసు చూసి లెక్క కడతారు. రైల్లో ప్రాణం పోతే టీం లీడ్‌కైనా, నేతగాడికైనా ఒకటే రేటు. 2017 జనవరి ముందు 4 లక్షలు, ఆ తర్వాత 8 లక్షలు. మొదట నాకిది అన్యాయం అనిపించింది. ఆ ఇంట్లో ఖాళీగా ఉన్న రెండో మగ్గం చూశాక నోరు రాలేదు.

గడువులోపే అర్జీ వేశాం. కేసు ఇంకా నడుస్తోంది. ఏమొస్తుందో చెప్పలేను. కానీ మనం ఆఫీసులో రోజూ చదివే డాక్యుమెంట్లతో పోలిస్తే ఆ సెక్షన్ ఎంత? పేజీ కూడా లేదు. మీ ఊళ్ళో ఎవరైనా "టికెట్ లేదు కదా" అని ఊరుకుని ఉంటే, ఈసారి వెళ్ళినప్పుడు ఒక్క పది నిమిషాలు వాళ్ళింట్లో కూర్చోండి.