కిలోకి పది కిలోలట!

కార్ల పిచ్చి ఉన్నవాళ్ళ మధ్య ఓ సూత్రం తెగ చలామణీలో ఉంది. చక్రంలో ఒక్క కిలో తగ్గిస్తే కారులో పది కిలోలు తగ్గించినట్టేనట! కొందరు నాలుగంటారు, కొందరు ఎనిమిదంటారు, చక్రాలు అమ్మేవాళ్ళు మాత్రం పదికి తగ్గరు. ఎక్కడిదండీ ఈ లెక్క అని అడిగితే ఎవరి దగ్గరా జవాబు ఉండదు. నాలుగేళ్ళు ఇంజనీరింగు చదివి అందులో ఒక్క ముక్కా ఉద్యోగంలో వాడని బాపతు మనం. కనీసం ఇక్కడైనా వాడదామని కాగితం, పెన్ను తీశాను.

లెక్కలోకి వెళ్ళేముందు కాస్త నేపథ్యం. నేనుండేది కాలిఫోర్నియాలో, బే ఏరియాలో. వారాలకి వారాలు కోడు రాసుకుని, నెలకో రెండు నెలలకో ఒక శనివారం తెల్లవారుజామునే లేచి విల్లోస్ అనే చిన్న ఊరి దగ్గరున్న థండర్‌హిల్ ట్రాక్‌కి వెళ్తుంటాను. 3 మైళ్ళ ట్రాకు, 15 మలుపులు. ఇది రేసు కాదండోయ్. కప్పులూ, దండలూ ఏమీ ఉండవు. ఇరవై నిమిషాల చొప్పున రోజుకి నాలుగైదు సార్లు ట్రాక్ మీదకి వదులుతారు. ముందున్నవాడు కిటికీలోంచి చెయ్యి చూపించి దారిస్తేనే దాటాలి. కొత్తవాళ్ళకి పక్కసీట్లో ఇన్‌స్ట్రక్టర్ కూర్చుంటారు. నా బండి 2013 సుబారు బీఆర్‌జెడ్. సుమారు 1250 కిలోల బరువు, వెనక చక్రాలకి పవరు.

మా టీములో ఈమధ్యే చేరిన తెనాలి కుర్రాడొకడు ఇదే బండి సెకండ్‌హ్యాండులో కొన్నాడు. ఇంకా ట్రాక్ మొహం చూడలేదు. మొన్న ఓ లింకు పంపించి, "అన్నా, పన్నెండొందల డాలర్లు దాచాను. తేలికపాటి చక్రాలు తీసుకుంటున్నా, ఒకసారి చూసి చెప్పు" అన్నాడు. చూస్తే ఓ పేరున్న జపాన్ చక్రానికి అచ్చుగుద్దినట్టున్న నకలు. ధర అసలుదానిలో మూడోవంతు. బరువు ఎంతో పెద్ద అక్షరాల్లో రాశారు. ఎంత బరువు మోస్తుందో మాత్రం ఎక్కడా లేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అని ఊరికే అన్నారా! వాడికి చెప్పిందే ఇక్కడ కొంచెం వివరంగా రాస్తున్నాను, వాడిలాంటి వాళ్ళు చాలామందే ఉన్నారు కాబట్టి.

సరే, లెక్క. చక్రం రెండు పనులు చేస్తుంది. ఒకటి, కారుతో పాటు ముందుకి కదలడం. రెండు, తన చుట్టూ తాను తిరగడం. ముందుకి కదపడానికి అయ్యే ఖర్చు మిగతా ఏ బరువుకైనా ఎంతో దీనికీ అంతే. తిప్పడానికి అయ్యేది అదనం. చక్రం బరువు మొత్తం టైరు బయటి అంచునే ఉందనుకున్నా ఆ అదనం మరో అంత అవుతుంది, అంటే మొత్తం రెండింతలు. దానికి మించి చచ్చినా రాదు. పోనీ నిజంగా బరువు అంచున ఉంటుందా అంటే, అదీ లేదు. రిమ్ములో కొంత, స్పోకుల్లో కొంత, మధ్యలో కొంత ఉంటుంది. నా టైరు సైజు 215/45 ఆర్17, అంటే నేల నుంచి చక్రం మధ్యకి సుమారు 31 సెంటీమీటర్లు. అలాయ్ చక్రం బరువంతా మధ్య నుంచి 22 సెంటీమీటర్ల దూరంలో ఉన్నట్టు లెక్కేసుకుందాం. 22ని 31తో భాగించి వర్గం చేస్తే సుమారు సగం. అంటే కిలోకి పది కాదు, కిలోకి ఒకటిన్నర!

ఇప్పుడు ఒక్కో చక్రానికి 3 కిలోలు తగ్గాయనుకుందాం. అది చాలా మంచి తగ్గింపే. నాలుగింటికి 12, ఒకటిన్నరతో గుణిస్తే 18 కిలోలు. మనిషితో కలిపి 1330 కిలోలుండే బండిలో ఇది ఒకటిన్నర శాతం లోపే. ఇండియన్ స్టోర్లో కొన్న 20 పౌండ్ల సోనామసూరి బస్తాలు రెండు డిక్కీలో ఉంటే, అవి ఇంట్లో దింపేసి వెళ్ళినా అంతే లాభం. దానికి పైసా ఖర్చు లేదు :)

అలాగని తేలిక చక్రాలు దండగని అనడం లేదు. స్ప్రింగుల కింద ఉండే బరువు తగ్గితే, గతుకుల మీదా, మలుపు అంచున ఉండే దిమ్మెల మీదా టైరు నేలని వదలకుండా ఉంటుంది. స్టీరింగు కూడా చేతికి తేలిగ్గా తగులుతుంది. ఆ తేడా నిజమే. కానీ దాన్ని పదితో గుణించి డబ్బులు లాగడం ఉంది చూశారూ, నాకు ఒళ్ళు మండేది అక్కడ.

ఇదే లెక్క టైరుకి వేద్దాం. ఒక సాదా టైరు పట్టు 0.9 అనుకోండి, ఇంకో మంచి టైరుది 1.0. వంద మీటర్ల వ్యాసార్ధం ఉన్న మలుపులో మొదటిది గంటకి 107 కిలోమీటర్ల దగ్గర జారడం మొదలెడితే, రెండోది 113 దాకా ఆగుతుంది. గంటకి 160 కిలోమీటర్ల వేగం నుంచి బ్రేకు వేస్తే మొదటిది ఆగడానికి 112 మీటర్లు, రెండోదానికి 101. పదకొండు మీటర్లండీ! రెండున్నర కార్ల పొడవు. అదీ ప్రతి మలుపులో, ప్రతి బ్రేకులో. ప్రోగ్రాము నెమ్మదిగా నడుస్తోందంటే ముందు ప్రొఫైలర్ పెట్టి టైము ఎక్కడ పోతోందో చూస్తాం కదా, ఒకటిన్నర శాతం తినే ఫంక్షన్ని పట్టుకుని రాత్రంతా చెక్కుతూ కూర్చోం కదా? కారు విషయంలో మాత్రం ఆ బుద్ధి ఎటుపోతుందో!

సరే, టైరే ముఖ్యం, మరి ఏ టైరు? ఇక్కడ ఇంకో అంకె వస్తుంది. అమెరికాలో అమ్మే టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక సంఖ్య ఉంటుంది. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4ఎస్ మీద 300 ఉంటుంది. బ్రిడ్జ్‌స్టోన్ ఆర్‌ఈ-71ఆర్‌ఎస్, హాంకుక్ ఆర్‌ఎస్4 లాంటి వాటి మీద 200. టొయో ఆర్888ఆర్ మీద 100. సంఖ్య తగ్గేకొద్దీ రబ్బరు మెత్తన, పట్టు ఎక్కువ, ఆయుష్షు తక్కువ అని చెప్పుకుంటారు. స్థూలంగా నిజమే. కానీ ఆ మార్కులు వేసేది ప్రభుత్వం కాదు, టైరు కంపెనీయే. టెక్సాస్‌లో ఒక నిర్ణీత దారిలో 7200 మైళ్ళు నడిపి, ఒక ప్రమాణ టైరుతో పోల్చి, తన మార్కులు తనే వేసుకుంటుంది. దానికి తోడు ఎస్‌సీసీఏ వాళ్ళ స్ట్రీట్ క్లాసు పోటీల్లో ట్రెడ్‌వేర్ కనీసం 200 ఉండాలన్న నిబంధన ఉంది. ఇంకేముంది, ఎంత అంటుకునే రబ్బరైనా సరే 200 అని ముద్ర గుద్దుకుని వచ్చేస్తోంది. అందుకే రెండు కంపెనీల 200లు ఒకటేనని నమ్మకండి.

కొత్తవాళ్ళకి నా ఓటు 300కే. ఇంకా మాట్లాడితే, బండితో పాటు వచ్చిన మిషెలిన్ ప్రైమసీ టైర్లు ఉంటే అవి అరిగేదాకా వాటికే. కారణం చెప్తాను. సాదా టైరు జారేముందు కీచుమని అరుస్తుంది, మెల్లగా జారుతుంది, తక్కువ వేగంలో జారుతుంది. స్టీరింగు ఎక్కువ తిప్పావురా, బ్రేకు ఆలస్యంగా వదిలావురా అని ప్రతి మలుపులో చెప్తుంది. బాగా పట్టున్న టైరు ఆ తప్పులన్నీ కడుపులో దాచుకుంటుంది. దాచుకుని, దాచుకుని, ఒకరోజు ఇంకో ఇరవై కిలోమీటర్ల వేగం ఎక్కువలో ఒక్కసారిగా వదిలేస్తుంది. థండర్‌హిల్‌లో 8వ మలుపు చాలా వేగంగా తీసుకునేది. తప్పు ఎక్కడ చేస్తున్నామో అక్కడ తెలుసుకోవాలని ఎవరికీ ఉండదు కదా. సాదా టైరు నాలుగైదు రౌండ్లకే వేడెక్కి మెత్తబడుతుందన్నది నిజమే. అప్పుడు ఒక రౌండు నెమ్మదిగా తిరిగొస్తే సరి.

ఎవరూ చెప్పని సంగతి ఇంకోటుంది. ఆ టైర్ల మీదే ఇంటికి కూడా రావాలి! ఉత్తర కాలిఫోర్నియాలో వానలు పడేది చలికాలంలో. సాయంత్రం అలసిపోయి, చీకట్లో, ఐ-5 మీద లారీల పక్కన వానలో రెండున్నర గంటలు. ట్రాక్ కోసం చేసిన మెత్తటి టైర్లకి గాళ్ళు తక్కువ, లోతు తక్కువ. అరిగాక నీళ్ళ మీద తేలడమే తరువాయి. పొద్దున ట్రాక్ మీద ఒక సెకను మిగిలిందని సాయంత్రం ఇంట్లో వాళ్ళు ఫోన్ పట్టుకుని కూర్చోవడం నాకు నచ్చని బేరం. రెండో సెట్టు మోసుకెళ్ళేవాళ్ళున్నారు. ఈ బండిలో వెనక సీటు మడిస్తే నాలుగు టైర్లు పట్టేలా డిజైను చేశారు కూడా. చక్రాలు కొనడానికి అదీ సరైన కారణం. బరువు కోసం కాదు, వానకో జత, ట్రాక్‌కో జత ఉండటం కోసం.

చక్రాలు కొనేటప్పుడు మా నాన్నగారి పద్ధతి గుర్తుకొస్తుంది. విజయవాడ ఆటోనగర్‌లో చాలా ఏళ్ళు లారీలు నడిపించారాయన. రీబటన్ టైర్లు వెనక జంట చక్రాలకే గానీ ముందు చక్రాలకి చచ్చినా వెయ్యనిచ్చేవారు కాదు. "వెనక ఒకటి పోతే పక్కది మోస్తుంది. ముందుది పోతే స్టీరింగే పోద్ది, డ్రైవరుకి పెళ్ళాం పిల్లలు ఉన్నార్రా" అనేవారు. ఏ భాగం చెడిపోతే ఏమవుతుంది అన్నదే ఆయన మొదటి ప్రశ్న, ఎంత మిగులుతుందన్నది తర్వాత. ఇంతకన్నా మంచి డిజైన్ రివ్యూ నేను ఏ ఆఫీసులోనూ చూడలేదు.

ఆ ప్రశ్న చక్రానికి వేసి చూడండి. చక్రాలు ముఖ్యంగా మూడు రకాలు. కరిగిన అల్యూమినియం అచ్చులో పోసి చేసేది పోత చక్రం. పోత పోశాక వేడి మీద అంచుని రోలర్లతో నొక్కి సాగదీస్తే ఫ్లో ఫార్మ్‌డ్. గట్టి లోహపు దిమ్మని భారీ ప్రెస్సు కింద నొక్కి చేస్తే ఫోర్జ్‌డ్. అంతే బలానికి ఫోర్జ్‌డ్‌లో తక్కువ లోహం చాలు, అందుకే తేలిక, అందుకే ఖరీదు. జపాన్ కంపెనీ రేస్ వాళ్ళ టీఈ37 అనే ఫోర్జ్‌డ్ చక్రం 1996లో వచ్చింది. 15 అంగుళాల సైజులో 3.7 కిలోలే ఉండటంతో దానికా పేరు. నకలు చేసేవాడు ఆకారం కాపీ కొట్టగలడు గానీ లోహంలో బలాన్ని కొట్టలేడు. పోత లోహంతో అంతే సన్నటి స్పోకులు చేస్తే ఆ తేలిక ఎక్కణ్ణుంచి వచ్చినట్టు? బలంలోంచే కదా.

ఓ రోజు పొద్దున ట్రాక్ మీదకి వెళ్ళేముందు జరిగే తనిఖీలో, నా ముందున్న కారు చక్రానికి స్పోకు మొదట్లో వెంట్రుకంత గీత కనబడింది. తనిఖీ చేసే పెద్దాయన టార్చి వేసి, గోటితో గీకి చూశాడు. మురికి కాదు, పగులు. అదీ ఇలాంటి నకలు చక్రమే. కారతనికి ఆరోజు ఎంట్రీ ఫీజు పోయింది, మొహం మాడ్చుకుని వెళ్ళిపోయాడు. నాకైతే అతనంత అదృష్టవంతుడు ఆరోజు అక్కడ ఇంకొకడు లేడనిపించింది.

కాబట్టి చక్రం కొంటే నేను చూసేవి ఇవి. లోపలివైపు జేడబ్ల్యూఎల్, వీఐఏ ముద్రలు ఉండాలి. ఎంత బరువు మోస్తుందో రాసి ఉండాలి, ఈ బండికి ఒక్కో చక్రం 600 కిలోలైనా మొయ్యాలి, ఎందుకంటే బ్రేకు వేస్తూ తిరిగేటప్పుడు బయటివైపు ముందు చక్రం మీదే భారమంతా పడుతుంది. 18 అంగుళాలకి పోకుండా 17 దగ్గరే ఆగాలి, ఆ సైజులో టైర్లు చవక, ఏడాదికో జత అరగదీసేవాడికి అదే అసలు పొదుపు. బోల్టుల కొలతే కాదు, మధ్య రంధ్రం కూడా హబ్బుకి సరిపోవాలి. నట్లు టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్లకి బిగించి, ప్రతిసారీ చల్లారాక మళ్ళీ చూసుకోవాలి. గాలి కూడా అంతే. పొద్దున చల్లగా 20 డిగ్రీల దగ్గర 30 పీఎస్ఐ పెడితే, లోపలి గాలి 60 డిగ్రీలకి వేడెక్కేసరికి 36 అవుతుంది. ఇంటర్మీడియట్ ఫిజిక్సే. కాస్త తక్కువతో మొదలెట్టి, ట్రాక్ దిగగానే కొలిచి సరిచేసుకోవాలి.

మరి ఆ పన్నెండొందలు? మావాడికి నేను వేసిచ్చిన బడ్జెట్ ఇది. ముందు మంచి బ్రేకు ఫ్లూయిడ్, ప్యాడ్లు. వేడికి ఫ్లూయిడ్ మరిగితే పెడల్ నేలకి అంటుకుంటుంది, అప్పుడు ఏ టైరూ కాపాడదు. ఆ తర్వాత ఇన్‌స్ట్రక్టర్‌తో రెండు ట్రాక్ రోజులు. మామూలు కారు ఇన్సూరెన్సులు చాలావరకు ట్రాక్ మీద జరిగినదానికి వర్తించవు, అందుకని ఆ రోజులకి విడిగా ట్రాక్ ఇన్సూరెన్సు. మిగిలింది పక్కన పెడితే, ఉన్న టైర్లు అరిగేసరికి మంచి 300 జతకి పోగవుతుంది. చక్రాల వంతు ఆ తర్వాతే.

వాడికిది పెద్దగా రుచించినట్టు లేదు. "బ్రేకు ఫ్లూయిడ్ ఫొటో తీసి ఎవరికి పెట్టనన్నా?" అన్నాడు. ఆ ప్రశ్నకి మాత్రం నా దగ్గర లెక్క లేదు. మొదటి ట్రాక్ రోజుకి పేరైతే ఇచ్చాడు, వచ్చే నెల పాత టైర్లతోనే వస్తున్నాడు.